నల్లదారం కుట్టు

శుభకార్యాల్లో నలుపు పనికిరాదంటారు మన పెద్దలు. పెళ్లిబట్టల మూటలో నల్లచీర కనబడితే ఇంటిల్లిపాదీ ముఖాలు చిట్లిస్తారు. కాని అదే ఇంట్లో బిడ్డ పుట్టగానే ముందుగా వెదికేది నలుపునే. అరికాలికి కాటుకచుక్క, బుగ్గన దిష్టిచుక్క, ముంజేతికి నల్లపూసలు, మొలకు నల్లదారం. ఆలోచిస్తే మంగళసూత్రం పక్కన ఉండేవీ నల్లపూసలే గదా! అంచేత మనవాళ్లకు నలుపంటే గిట్టదనటం నిజం కాదు. దానికి కాపలా ఉద్యోగం ఇచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టారు, అంతే.

మా ఇంట్లో అలా కాపలా ఉద్యోగం చేసిన గుడ్డ ఒకటి ఉంది. ఉయ్యాలలో బిడ్డ కింద పరిచే తెల్ల నూలుగుడ్డ. పొడుగు 30 అంగుళాలు, వెడల్పు 22. అంచు చుట్టూ గోపురాలు, నాలుగు మూలలా తులసికోటలు, మధ్యన రెండు వరసల్లో ఎనిమిది ఏనుగులు. అన్నీ నల్లటి పట్టుదారంతోనే, మరో రంగు మచ్చుకైనా లేదు. 1951లో మా అమ్మ కడుపున పడ్డప్పుడు బళ్ళారిలో మా అమ్మమ్మ కుట్టిన గుడ్డ అది. అప్పటికి బళ్ళారి మదరాసు రాష్ట్రంలోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరుకి వెళ్లింది. సరిహద్దు గీత ఎక్కడ గీసినా అమ్మలక్కల సావాసాలు దాని ప్రకారం నడవవు. అమ్మమ్మకు ఈ కుట్టు నేర్పింది ధారవాడనుంచి కాపురానికొచ్చిన పక్కింటి కన్నడపు ఇల్లాలు.

ఆ గుడ్డమీద మా అమ్మ పడుకుంది, మా అక్కయ్య పడుకుంది, నేను పడుకున్నాను, అక్కయ్య కూతురూ పడుకుంది. ఇప్పుడు ఆ పిల్లకే ఆరో నెల. మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అమ్మమ్మా, ఉయ్యాలలో వేసేరోజుకి ఆ ఏనుగుల గుడ్డ కావాలి" అని ఫోను చేసింది. మా అమ్మ సంబరపడి పెట్టె అడుగునుంచి తీసి నా ముందు పరిచింది.

డెబ్బై ఏళ్లు దాటిన గుడ్డ చిరిగితే వింతేముంది అనుకుంటారు మీరు. గుడ్డ చిరగకపోవటమే వింత. తెల్లనూలు ఇంకా గట్టిగానే ఉంది. నల్లదారం మాత్రం వేలితో తాకితే పొడిపొడిగా రాలుతోంది. చాలాచోట్ల అదివరకే రాలిపోయి, ఏనుగుల స్థానంలో గోధుమరంగు మరకలు, సూది దిగిన చిల్లులూ మిగిలాయి. దారం దట్టంగా ఉన్నచోట దాని కింది పోగులు కూడా బ్లేడుతో కోసినట్టు తెగాయి. దిష్టి తగలకుండా కాపలా పెట్టిన నలుపే గుడ్డను తినేసిందన్నమాట!

ధారవాడ ప్రాంతపు ఈ కుట్టును కసూతి అంటారు. 'కై' అంటే చేయి, 'సూతి' అంటే నూలు అని అక్కడివాళ్లు చెప్పే వ్యుత్పత్తి. ఇలకల్లు చీరల మీద కుట్టటం ఆనవాయితీ. అక్కడ పెళ్లికూతురికి పెట్టే చంద్రకళి చీర నల్లటిదే సుమండీ! దానిమీద రంగురంగుల పట్టుదారాలతో గోపురాలు, రథాలు, పల్లకీలు, ఏనుగులు, తులసి బృందావనాలు కుడతారు. ముందుగా గుడ్డమీద బొమ్మ గీసుకోవటం ఉండదు. పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టుకుపోవటమే. దారం చివర ముడి వెయ్యరు. కుట్లు నాలుగు రకాలు. గవంతి అంటే ఒకే దారిన పోయి అదే దారిన తిరిగొచ్చే కుట్టు. ముర్గి మెట్లుమెట్లుగా నడుస్తుంది. నేగి నేతలాగా కనబడుతుంది. మెంతి కత్తెర ఆకారంలో పడుతుంది. గవంతీ ముర్గీ గుడ్డకి రెండువైపులా ఒకేలా కనిపిస్తాయి. రంగురంగుల దారాలు వాడే పనిని తెల్లగుడ్డమీద నలుపుతో కుట్టాలన్న ఊహ మటుకు అమ్మమ్మదే. బిడ్డకు దిష్టి తగలకూడదు గదా.

ఆవిడకు తెలియని సంగతి ఒకటుంది. సరిగ్గా ఇదే పని, తెల్లటి నారబట్టమీద నల్లటి పట్టుదారంతో పోగులు లెక్కపెట్టి కుట్టటం, నాలుగైదువందల ఏళ్ల కిందట ఇంగ్లండులో గొప్ప ఫ్యాషను. చొక్కా మెడపట్టీలమీద, చేతి అంచులమీద కుట్టించుకునేవారు. దాన్ని బ్లాక్‌వర్క్ అంటారు, అంటే నల్లకుట్టు అనే. 1501లో స్పెయినునుంచి వచ్చి, 1509లో ఎనిమిదో హెన్రీ రాణి అయిన కేథరిన్ ఈ కుట్టును వెంట తెచ్చిందని ఒక కథ. అందుకే స్పెయిను పని అనే పేరు కూడా ఉండేది. రాణులకు ఇలాంటి కీర్తి తేలిగ్గా అంటుకుంటుంది. కేథరిన్‌కు నూరేళ్లకు ముందే ఛాసర్ మహాకవి, మిల్లరు చెప్పిన కథలో ఒక వడ్రంగి భార్య రవికె మెడపట్టీకి బొగ్గులాంటి నల్లపట్టు కుట్టు పెట్టాడు. వడ్రంగి పెళ్లాం తొడుక్కున్న తరవాతనే రాణిగారు తొడుక్కుందని నేనంటాను.

హెన్రీ ఆస్థాన చిత్రకారుడు హోల్బైన్ ఈ కుట్టును ఎంత శ్రద్ధగా చిత్రించాడంటే, పోయి తిరిగొచ్చే ఆ కుట్టుకే ఇప్పుడు హోల్బైన్ కుట్టు అని పేరు. హెన్రీ మూడో రాణి జేన్ సేమూరు బొమ్మలో ఆమె చేతి అంచుల మీద పని చూస్తే దాదాపు పోగులు లెక్కపెట్టవచ్చు. హోల్బైన్ కుట్టూ గవంతి కుట్టూ ఒకటే! ఎవరు ఎవరి దగ్గర నేర్చారన్న తగాదాలోకి నేను దిగను. పోగులు అడ్డంగా నిలువుగా ఉన్న గుడ్డా, సూదీ ఇస్తే మనిషి చెయ్యి ఎక్కడైనా ఆ దారే పడుతుంది కాబోలు.

లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జేన్ బాస్టాక్ అనే ఆమె 1598లో కుట్టిన మాదిరిగుడ్డ ఉన్నది. దానిమీద ఆలిస్ లీ అనే బిడ్డ 1596 నవంబరు 23న పుట్టిందని అక్షరాలు కుట్టి ఉన్నాయి. బిడ్డ పుట్టుకకు గుర్తుగా గుడ్డ కుట్టాలన్న బుద్ధి కూడా ఒక్క మనదే కాదన్నమాట.

ఇక ఆ ఇంగ్లీషు గుడ్డలకు పట్టిన జబ్బూ ఇదే. మ్యూజియాల్లో ఉన్న వాటిలో చాలాచోట్ల నల్లపట్టు పొడి అయి రాలిపోయింది. కారణం రంగులో ఉన్న ఇనుము. వాళ్లు మాచికాయ కషాయంలో అన్నభేది కలిపి పట్టుకు నలుపు అద్దేవారు. మన పూర్వులు సిరా కాచిందీ కరక్కాయా అన్నభేదీ కలిపే. కరక్కాయలోగాని మాచికాయలోగాని ఉన్న వగరు ఇనుముతో కలిస్తే చిక్కటి నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీవాళ్ల నలుపూ ఇదే తంతు: ఇనపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి మూడు వారాలు పులియబెడతారు. ఆ కసీం నీళ్లలో ముంచిన కలం, కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డమీద పడీపడగానే నల్లటిగీత ఏర్పడుతుంది. ఈ రంగు నీళ్లకు దిగదు. దాని దోషమల్లా లోపల మిగిలిపోయిన ఇనుము, పులుపు. గాలీ తేమా తగిలినకొద్దీ అవి ఏళ్ల తరబడి పోగును మెల్లిగా కొరుకుతాయి. పాత కలంకారీ గుడ్డల్లో కూడా నల్లగీతలున్నచోటే చిల్లులు పడటం ఇందుకే. అమ్మమ్మ దారానికి ఇంట్లోనే కరక్కాయ, తుప్పునీళ్లతో రంగు వేసిందని మా అమ్మ చెబుతుంది.

చిరుగులకు మాట్లు వేద్దామంది అమ్మ. సూది గుచ్చితే ఉన్నది కూడా తెగుతుందని నచ్చజెప్పేసరికి రెండురోజులు పట్టింది. దీన్ని దీనిలాగే దాచి, దీనిలాంటిదే మరొకటి కుడదామన్నాను. "కుట్టేదెవరే?" అంది. ఆవిడకు కంట్లో శుక్లాలు తీశారు, చేతులు వణుకుతాయి. ఇంట్లో మిగిలింది నేను. పొద్దుట కాలేజీలో రెండు క్లాసులు, సాయంత్రం మూల్యాంకనం కాగితాలు. సరే అన్నాను.

మొదటి పని బొమ్మ చదవటం. అద్దపు బల్లమీద గుడ్డ పరిచి, కింద దీపం పెట్టి, భూతద్దంతో సూది చిల్లులు చూసి గ్రాఫు కాగితంమీద చుక్కలు పెట్టాను. నాలుగేసి పోగులకు ఒక చిల్లు. ఏ చుక్కనుంచి ఏ చుక్కకు దారం పోయిందో గోధుమరంగు మరక చెబుతుంది. మరక లేనిచోట ఏమీ తోచదు. మూలనున్న బొమ్మ దగ్గర అలా మూడు సాయంత్రాలు ఆగిపోయాను. నాలుగోరోజు అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి, నా భుజంమీదుగా కాగితం చూసి, పెన్సిలు తీసుకుని చకచకా గీతలు కలిపేసింది. "తులసికోటేగా! చుక్కల ముగ్గు వెయ్యటం రాని ఆడదానివి నువ్వేం చదివావే?" అంది. తెలుగు ఎం.ఏ.లో ఆ పేపరు లేదని జవాబు చెప్పాను. ఆ తరవాత ఏ బొమ్మ కష్టమైనా చుక్కలు పెట్టి ఆవిడకే ఇచ్చాను.

గుడ్డ దొరకటం ఇంకో అవస్థ. ఎంబ్రాయిడరీకి దుకాణాల్లో అమ్మే మ్యాటీగుడ్డ బిడ్డ ఒంటికి మొద్దుగా ఉంటుంది. మామూలు చేనేత గుడ్డలో పడుగూ పేకా సమానంగా ఉండవు. అంగుళానికి పడుగులో 28 పోగులు, పేకలో 24 ఉన్నాయనుకోండి, పోగుల లెక్కన కుట్టిన ఏనుగు నిలువునా సాగి ఒంటె అవుతుంది. భూతద్దం సంచీలో వేసుకుని నెలరోజులు గుడ్డల దుకాణాలు తిరిగాను. చివరికి రెండు దిక్కులా 28 ఉన్న తాను ఒకటి దొరికింది. అంటే అంగుళానికి ఏడు కుట్లు.

దారం దగ్గర మాకు పెద్ద తగువే వచ్చింది. రంగు పోని నల్లపట్టు బజార్లో దొరుకుతుంది, అది నూరేళ్లున్నా గుడ్డను తినదు, అది వాడదామని నా వాదన. అమ్మ ఒప్పుకోలేదు. "మా అమ్మ రంగు అది కాదు. అందులో నీలం మెరుపుంది. మా అమ్మది కాటుక నలుపు" అంది. "మళ్లీ డెబ్బై ఏళ్లకు చిరుగుతుందమ్మా" అంటే, "నలుగురు పిల్లల్ని మోసింది. ఇంకెంతమందిని మొయ్యాలంటావు దాన్ని?" అంది. నా దగ్గర సమాధానం లేదు. నిజానికి నాకూ ఆ కాటుక నలుపు మీదే మనసుంది.

బాలానగర్‌లో ఉన్నవాళ్లకు ఇనుముకు కరువా? మా వీధి వెనకంతా లేత్ మిషన్ల షెడ్లే. 1968లో పనిముట్ల తయారీ నేర్పే కేంద్ర సంస్థ ఇక్కడ వెలిసింది. చుట్టుపక్కల పుట్టుకొచ్చిన చిన్న ఫ్యాక్టరీలకు లెక్కలేదు. మెట్రోరైలు స్టేషను, 2021లో తెరిచిన ఫ్లైఓవరు వచ్చి పైపై రూపం మారిందిగాని, కింద సందుల్లో మిషన్ల రొద అలాగే ఉన్నది. ఒక షెడ్డు యజమానిని అడిగితే దోసెడు ఇనుప పొట్టు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. "స్టెయిన్‌లెస్సుది ఇయ్యలేదు మేడం, అది తుప్పు పట్టది" అని తనే చెప్పాడు. పొట్టుకు మిషను నూనె అంటి ఉంటుంది కనక, వాషింగ్ సోడా వేసి రెండుసార్లు మరిగించి కడిగాను. తాటిబెల్లంతో కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డకట్టి మేడమీద పెట్టాను. పదోరోజుకు నురుగు, పుల్లటి వాసన. పై వాటాలో ఉన్నావిడ ఏం కాస్తున్నారని అనుమానంగా అడిగింది. ఇరవై ఒకటోరోజున వడగడితే పలచటి టీ డికాషనులా ఉంది. చూస్తే నలుపు పుట్టే లక్షణమే కనిపించదు.

చేనేతవారి దగ్గర తెచ్చిన పట్టునూలుకు ముందు జిగురు తియ్యాలి. సబ్బునీళ్లలో ఉడికిస్తే బరువులో పాతికవంతు దాకా పోయి అప్పుడు పట్టు మెత్తబడి మెరుస్తుంది. కరక్కాయల గింజలు పారేసి, పైపెచ్చు దంచి, కషాయం కాచి, దారం రాత్రంతా నానబెట్టాను. తెల్లవారి తీస్తే లేత పసుపు. ఆరనిచ్చి ఇనుపనీళ్లలో ముంచానో లేదో, కళ్లముందే బూడిదరంగు, ఆపైన మబ్బురంగు! అమ్మ పక్కనే పీటమీద కూర్చుని "ఇంకా రాలేదు, ఇంకా" అంటూనే ఉంది. మూడుమార్లు కరక్కాయ, మూడుమార్లు ఇనుము. మూడోమారు తీసినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. తడిదారం చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

నేను పట్టు విడవనిది ఒక్క కడగటం దగ్గరే. ఇనుపనీళ్లు కావలసినంతకంటే చుక్క ఎక్కువ వాడలేదు. రంగు పట్టిన దారాన్ని నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, సుద్దపొడి కలిపిన నీళ్లలో పులుపు విరిచి, మళ్లీ జాడించాను. అమ్మమ్మ గుడ్డకంటే ఇది కొన్నేళ్లు ఎక్కువ బతుకుతుందని నా ఆశ.

ఇక కుట్టు. పోయేటప్పుడు ఒక కుట్టు పైన, ఒకటి కింద. తిరిగొచ్చేటప్పుడు ఖాళీలు పూడుస్తూ రావాలి. తిన్నటి గీతకు ఇది చిన్నపిల్లల పని. ఏనుగుకు తొండముంది, తోక ఉంది, నాలుగు కాళ్లున్నాయి, వీపున అంబారీ ఉంది. ఎక్కడ మలుపు తిరగాలి? ఊరేగింపు అనుకోండి. దేవుడు రథవీధిన వెళుతూ ప్రతి సందులోకీ పోయి, కొసదాకా వెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ రథవీధిన పడతాడు. సందు పొడుగెంతైనా పోవటం, రావటం కలిస్తే సరిసంఖ్యే కనక పైన, కింద అన్న వరస చెడదు. చిక్కంతా చదరాల దగ్గర. నాలుగు వైపులూ చుట్టి మొదటికి వచ్చాక అదే దిక్కున మళ్లీ చుడితే, పైన పడ్డచోటే మళ్లీ పైన పడుతుంది, ఖాళీలు ఖాళీలుగానే ఉంటాయి. వచ్చినదారినే వెనక్కి తిరగాలి. అమ్మ ఈ మాట ఒక్క ముక్కలో చెప్పింది: "చదరం చుట్టాక ఎదురు ప్రదక్షిణం చెయ్యి."

ఇనుప పొట్టు ఇచ్చినాయన ఒకరోజు దాంతో ఏం చేశానో చూడటానికి వచ్చాడు. పూర్తయిన ఏనుగును తిరగేసి, బోర్లేసి, కాసేపు వేలితో దారి వెతికాడు. "ఏడ మొదలువెట్టినవో దొరుకుతలేదు మేడం. పోయిన తొవ్వలనే మల్ల వచ్చింది గద!" అన్నాడు. వందోవంతు మిల్లీమీటరు తేడా పట్టే కళ్లు అవి. కాలేజీలో నాకు శాలువా కప్పినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

ఏనుగుకు మూడేసి సాయంత్రాలు పట్టాయి. రెండో వరసలో చివరి ఏనుగు దగ్గరకు వచ్చేసరికి గ్రాఫులో వెనక కాలు తక్కినవాటికంటే ఒక కుట్టు పొట్టిగా ఉంది. పాత గుడ్డ మళ్లీ దీపంమీద పరిచి చూశాను. నిజంగానే పొట్టి. అమ్మను అడిగితే, "అది కుడుతుండగానే నొప్పులు వచ్చాయట. మిగతాది పురుడు పోసుకున్నాక పూర్తిచేసింది" అన్నది. సరిచేసి కుట్టమని అక్కయ్య, ఉన్నదున్నట్టు కుట్టమని అక్కయ్య కూతురు, ఫోనులో తల్లీకూతుళ్లకు అరగంట వాదం. నేను పొట్టిగానే కుట్టాను.

పాత గుడ్డను మడతపెట్టవద్దని మీకు కూడా చెబుతున్నాను. ఇలాంటివి ఎవరింట్లోనైనా ఉంటే, మడతలోనే ముందు తెగుతాయి. గంజిలేని ఉతికిన తెల్లగుడ్డ చుట్టిన గొట్టానికి చుట్టి, చీకటిగా, తేమ లేకుండా ఉంచాలి. ప్లాస్టికు సంచీ వద్దు. కలరా ఉండలు గుడ్డకు తగలకూడదు. మాది ఇప్పుడు బీరువా పై అరలో ఉంది.

ఇరవై ఒకటోరోజున పిల్లవాణ్ణి ఉయ్యాలలో వేశారు. కూకట్‌పల్లిలో వాళ్ల ఫ్లాటులో ఉయ్యాల కట్టటానికి దూలం లేదు. కొన్న ఉయ్యాలే. అమ్మ గుడ్డ పరిచి, ఏనుగుల తలలు తూర్పుకి ఉన్నాయో లేదో చూసుకుని, ముత్తయిదువలు పాట అందుకున్నాక వాణ్ణి పడుకోబెట్టింది. పది నిమిషాలైనా కాకముందే వాడు గుడ్డంతా తడిపేశాడు. అందరూ నవ్వుతూంటే అమ్మ మాత్రం గబగబా వాణ్ణి ఎత్తి నా చేతికిచ్చి, గుడ్డ కిటికీ వెలుగుకు పెట్టి చూసింది.

"దిగలేదే" అంది.